నల్లమల తపసి జిగురు

కర్నూలు, కడప సీమల్లో విస్తరించిన నల్లమల కొండల రాతినేలల్లో పెరిగే తపసి చెట్టు నుంచి జిగురు సేకరించడం చెంచు గిరిజనుల పాత జీవనోపాధులలో ఒకటి. పుష్పించే మొక్కలలో మకరందం, పాలు, జిగురు వంటి ద్రవాలను ఊరించే కణాలనూ కణసమూహాలనూ స్రావక గ్రంథులంటారు. తపసిలో ఇవి బెరడులోనూ, కాండం నడుమనుండే మెత్తని దవ్వలోనూ నాళాలుగా ఏర్పడి, గాటు పడినచోట చక్కెర అణువుల పొడవాటి గొలుసులతో కూడిన జిగురును వెలికి వదులుతాయి, అది గాలికి గట్టిపడి గాయాన్ని మూస్తుంది. అదే అడవిలోని అందుగు చెట్టు నాళాలలో ఊరేది మాత్రం సుగంధ తైలం, రెసిన్, జిగురు కలిసిన స్రావం. దూరపు కుటుంబాల మొక్కలు ఇలాంటి నాళాలను విడివిడిగా సంతరించుకోవడమే పరిణామ చరిత్రలో వాటి విలువకు బలమైన సాక్ష్యం. పాలనాళాలో రెసిన్ నాళాలో ఉన్న వంశాలు, అవి లేని దగ్గరి వంశాలకన్నా చాలావరకు ఎక్కువ జాతులుగా చీలాయని 1991లో శాస్త్రవేత్తలు ఫారెల్, దుస్సూర్, మిట్టర్ చూపారు.

ఇరాన్ ట్రాగకాంత్ జిగురుకు చవకైన ప్రత్యామ్నాయంగా 20వ శతాబ్దంలో విదేశాలకు వెళ్లిన తపసి జిగురును మందుల, ఆహార పరిశ్రమలు వాడుకున్నాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దాన్ని గిరిజనుల నుంచి కొంటూ వచ్చింది. ఎక్కువ జిగురు కోసం వేసిన లోతైన గొడ్డలిగాట్లు ఎన్నో చెట్లను ఎండబెట్టాయి. బెరడును పలుచగా చెక్కే పద్ధతిని నేర్పడమే ఈ వృత్తి చరిత్రలో చెట్టుకూ చెంచులకూ నిజంగా మేలు చేసిన మార్పు.