విధేయత, వాస్తవం: మహాదేవ్ దేశాయి జీవితకృషి

మన భాషలో నాయకుల జీవితచరిత్రలకు కొదవ లేదు. కాని ఆ నాయకుల మాటను కాగితం మీద పెట్టినవారు, వచ్చిన ఉత్తరాల గుట్టకు జవాబులు వ్రాసినవారు, పత్రికకు వ్యాసాలు వేళకు అందించినవారు, రాత్రి అందరూ పడుకున్న తర్వాత ఆనాటి సంభాషణలను గుర్తు చేసుకొని భద్రపరిచినవారు ఆ చరిత్రల్లో ఎక్కడో ఒక పేజీ అడుగున కనిపించి మాయమవుతారు. చరిత్రను మహాపురుషుల లీలగా చూసేవారికి ఇది సహజంగానే తోస్తుంది. చరిత్రను సమష్టి శ్రమగా చూసే మనకు మాత్రం ఇది తీరని లోటు. జాతీయోద్యమంలో గాంధీజీ నోటి మాట దేశానికంతకూ చేరిందంటే, ఆ మాటకూ దేశానికీ మధ్య ఎవరో కూర్చుని పని చేశారన్నమాట. పాతికేళ్లపాటు ఆ పని చేసినవాడు మహాదేవ్ దేశాయి.

ఆయనను గూర్చి సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. భక్తుల దృష్టిలో ఆయన గురువు పాదాల చెంత తనను తాను కరిగించుకున్న పరమ శిష్యుడు. ఉద్యమాన్ని విమర్శించేవారిలో కొందరికి ఆయన నాయకుని నీడ మాత్రమే. ఈ రెండు అభిప్రాయాలూ ఆయన వ్రాసినదాన్ని చదవకుండా ఏర్పడ్డవే. వ్రాసినది చదివితే ఇంకో ప్రశ్న పుడుతుంది: ఒక నాయకునికి సంపూర్ణంగా విధేయుడైన మనిషి, ఆ నాయకునికి ప్రతికూలమైన నిజాన్ని కూడా వ్రాసి పెట్టగలడా? దేశాయి జీవితంలో దీనికి చాలావరకు అవునన్న సమాధానమే దొరుకుతుంది. కాని ఆ సమాధానానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు ఎక్కడ ఉన్నదో కూడా చూడాలి.

దేశాయి 1892 జనవరి 1వ తేదీన సూరత్ జిల్లాలోని సరస్ గ్రామంలో పుట్టాడు. తండ్రి హరిభాయి బడిపంతులు. తల్లి ఆయనకు ఏడేళ్లప్పుడే చనిపోయింది. 1905లో పదమూడేళ్లకు దుర్గాబెన్‌తో పెళ్లయింది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకొని, సహకార బ్యాంకులో ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో చేరాడు. ఆంగ్లేయ ఉదారవాది మోర్లే రాజీని గూర్చి వ్రాసిన గ్రంథాన్ని గుజరాతీలోకి అనువదించాడు. ఆ కాలపు మధ్యతరగతి విద్యావంతుడు ఎదగదలిస్తే దారులన్నీ తెరిచి ఉన్నాయి. 1917లో వాటన్నిటినీ మూసుకొని, పాతికేళ్ల వయస్సులో గాంధీజీ వద్ద చేరాడు. ఆ సంవత్సరం నవంబరు 13న మొదలుపెట్టిన దినచర్య 1942 ఆగస్టు 14 వరకు, అంటే మరణానికి ముందురోజు వరకు సాగింది.

ఈ కార్యదర్శి పని ఎట్టిదో కొంచెం వివరంగా చూడాలి. 'నవజీవన్', 'యంగ్ ఇండియా', తర్వాత 'హరిజన్' పత్రికలకు ప్రతి వారం వ్యాసాలు వ్రాయాలి. గాంధీజీ గుజరాతీలో వ్రాసిన ఆత్మకథను ఇంగ్లీషు చేయాలి. 1927లోను 1929లోను రెండు సంపుటాలుగా వెలువడిన ఆ ఇంగ్లీషు అనువాదమే ప్రపంచానికి గాంధీజీని పరిచయం చేసింది. ఇప్పటికీ లోకమంతా ఆత్మకథను ప్రధానంగా చదివేది దేశాయి వాక్యాల్లోనే. 1931లో రౌండు టేబిలు సమావేశానికి లండన్ వెళ్లినప్పుడు వెంట ఉండాలి. 1930 దశాబ్దం మధ్యలో గాంధీజీ సేగాఁవ్‌లో ఉంటే, వార్ధాలో ఉన్న దేశాయి మండుటెండలో మైళ్ల కొద్దీ నడిచి వెళ్లి, పని చూసుకొని, మళ్లీ నడిచి ఇంటికి రావాలి. యాభై ఏళ్లకే ఆగిపోయిన గుండెను ఈ నడకలతో కలిపి చూడక తప్పదు.

పోనీ ఆయన కేవలం వ్రాయసకాడా అంటే అదీ కాదు. 1921లో మోతీలాల్ నెహ్రూ స్థాపించిన 'ఇండిపెండెంట్' పత్రికను నడపడానికి అలహాబాదు వెళ్లాడు. ప్రభుత్వం ముద్రణాలయాన్ని జప్తు చేస్తే చేతివ్రాత ప్రతులతో పత్రికను బయటికి తెచ్చాడు. ఫలితంగా ఏడాది కఠిన శిక్ష పడింది. నైనీ జైలులో ఖైదీలపై జరిగే దౌర్జన్యాలను ఆయన బయటపెట్టిన తీరు ఆనాడు సంచలనం కలిగించింది. అంటే నాయకుడు ప్రక్కన లేనప్పుడు కూడా నిలబడగలిగిన మనిషి.

ఇక అసలు విషయానికి వద్దాం. 1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికులు 35 శాతం వేతనపు పెంపు కోరి సమ్మె చేశారు. గాంధీజీ వారి పక్షాన నిలిచాడు. ఆ పోరాట చరిత్రను దేశాయి 'ఏక్ ధర్మయుద్ధ్' అనే గుజరాతీ పుస్తకంగా వ్రాశాడు. మన దేశంలో ఒక సమ్మెను ఆదినుండి తుదివరకు నమోదు చేసిన తొలి గ్రంథాల్లో అది ఒకటి. సమ్మె సాగి ఆకలి ముదిరిన దశలో గాంధీజీ అనుచరుడొకరు కార్మికవాడకు వెళ్లి, సభకు రమ్మని పిలిచాడు. అప్పుడు కార్మికులు గాంధీజీకీ అనసూయాబెన్‌కూ ఏమిటి బాధ, వారు మోటారులో వస్తారు, మోటారులో పోతారు, కడుపునిండా తింటారు, సభలకు వస్తే మా ఆకలి తీరుతుందా అని అడిగేశారు. ఆ తర్వాతనే, మార్చి 15న, గాంధీజీ ఉపవాసానికి దిగాడు. మూడు రోజుల్లో రాజీ కుదిరింది. మొదటి రోజుకు 35 శాతం, రెండవ రోజుకు 20, ఆపైన మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా 27న్నర. తుదకు తీర్పు 35 శాతానికే వచ్చింది.

ఆ మోటారు మాట మనకు ఎట్లా తెలిసింది? దేశాయి వ్రాశాడు గనుక తెలిసింది. నాయకుని మీద కార్మికుడు విసిరిన ఈ మాటను దాచిపెడితే అడిగేవారు ఎవరూ లేరు. వచ్చి కొద్ది నెలలే అయిన యువ కార్యదర్శి, గురువును గూర్చి వ్రాసే పుస్తకంలో ఆ మాటను ఉంచాడు. ఇవాళ మనం ఆ ఉపవాసాన్ని కార్మికుల పట్టుదల నిలిపిన సాధనంగా చూసినా, వారి స్వతంత్ర నాయకత్వాన్ని ఎదగనీయని పద్ధతిగా విమర్శించినా, రెండు వాదాలకూ సామగ్రి ఇచ్చినవాడు ఆయనే.

ఇంకొక ఉదాహరణ ఎరవాడ జైలు. 1932లో గాంధీజీ, వల్లభభాయి పటేల్, దేశాయి అక్కడ కలిసి ఉన్నారు. ఆగస్టులో మత ప్రాతినిధ్యపు తీర్పు వెలువడింది. సెప్టెంబరు 20న ఉపవాసం మొదలై, 24న పూనా ఒడంబడిక జరిగింది. ఆ రోజుల సంభాషణలు దినచర్యలో ఉన్నాయి. డాక్టర్ అంబేద్కర్ తన ప్రజలకు రాజకీయాధికారం కావాలని నిర్మొహమాటంగా వాదించిన తీరు అందులో కనిపిస్తుంది. పటేల్‌తో గాంధీజీ ఆంతరంగికంగా అన్న మాటలు, ప్రత్యేక నియోజకవర్గాల వల్ల సవర్ణ హిందువులకు ఏమి ముప్పు వస్తుందని ఆయన భయపడ్డాడో తెలిపే మాటలు కూడా ఉన్నాయి. గాంధీజీని ఈ విషయంలో తీవ్రంగా విమర్శించేవారు ఈనాటికీ ఎత్తిచూపే వాక్యాలు ఆయన శత్రువుల కాగితాల్లో దొరికినవి కావు. ఆయన కార్యదర్శి దినచర్యలోనివే. గాంధీజీపై విమర్శలున్న నెహ్రూ ఆత్మకథను గుజరాతీలోకి తెచ్చినవాడు కూడా దేశాయే అని గుర్తుంచుకుంటే, ఇది యాదృచ్ఛికం కాదని తేలుతుంది. గురువు సత్యమే దైవమన్నాడు. శిష్యుడు ఆ మాటను గురువుకు కూడా వర్తింపజేశాడు.

అయితే ఆ కలం ఎక్కడ ఆగింది? 1928లో బర్డోలీ తాలూకాలో భూమిశిస్తును 22 శాతం పెంచినందుకు రైతులు శిస్తు నిరాకరణ సాగించారు. నాయకుడు వల్లభభాయి. దేశాయి ఆ విచారణలో రైతుల పక్షాన పని చేశాడు. 1929లో ఆ పోరాట చరిత్రను ఇంగ్లీషులో వ్రాశాడు. విచారణ సంఘం పెంపును సుమారు ఆరు శాతానికి తగ్గించింది. సామ్రాజ్యవాద ప్రభుత్వంపై రైతాంగం గెలిచిన ఘట్టాల్లో ఇది గొప్పది, సందేహం లేదు. కాని ఆ రైతుల పొలాలు దున్నినవారు ఎవరు? హాలీలు. పెళ్లికి తీసుకున్న అప్పుతో తరతరాలు యజమానికి కట్టుబడిన దుబ్లా కూలీలు. మన తెలంగాణలో భగేలా అంటే ఏమిటో తెలిసినవారికి హాలీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వారి విముక్తి ఆ పోరాటపు కోర్కెల్లో లేదు. దేశాయి పుట్టిన అనావిల బ్రాహ్మణ కులం దక్షిణ గుజరాతులో హాలీలను పెట్టుకున్న ప్రధాన కులాల్లో ఒకటి. అహమ్మదాబాదు కార్మికుని ఎత్తిపొడుపును విన్న చెవి బర్డోలీలో ప్రధానంగా శిస్తు కట్టే రైతు మాటనే వింది. దీనికి ఆయన నిజాయితీని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఉద్యమం ఎవరిని ప్రజలుగా లెక్కించిందో, దాని చరిత్రకారుడూ వారినే లెక్కించాడు. నాయకుని వ్యక్తిగత లోపాలను దాటి చూడగలిగిన విధేయత, ఉద్యమపు వర్గపరిమితిని దాటి చూడలేకపోయింది. ఆ హద్దు ఇదే.

విధేయతకు చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. 1938లో ఒరిస్సాలోని దేలాంగ్‌లో సమావేశం జరుగుతుండగా కస్తూర్బా, దుర్గాబెన్ పూరీ జగన్నాథాలయంలోకి వెళ్లారు. హరిజనులకు ప్రవేశం లేని గుడి అది. గాంధీజీ తీవ్రంగా బాధపడి, వారికి నచ్చజెప్పలేకపోయావని దేశాయిని మందలించాడు. దేశాయి మనస్సు విరిగి, తనను వదిలిపెట్టమని కోరాడు. గాంధీజీ ఒప్పుకోలేదు. ఆ గొడవంతా 'హరిజన్' పత్రికకే ఎక్కింది. సిద్ధాంతరీత్యా గాంధీజీ పక్షమే న్యాయం. కాని ఇద్దరు స్త్రీలు తమ విశ్వాసం కొద్దీ చేసిన పనికి ఒక భర్త జవాబుదారీ కావడం, తప్పు స్త్రీలకు నచ్చజెప్పని పురుషునిదిగా తేలడం గమనించదగ్గవి. ఇల్లంతా ఉద్యమానికి ఇచ్చివేసిన దుర్గాబెన్ ఈ కథలో తన మాట చెప్పిన చోటు చాలా తక్కువ. కార్యదర్శి శ్రమను చరిత్ర మరచిందని మనం అంటున్నాం. ఆ కార్యదర్శి ఇంటిని నడిపిన శ్రమను మనం కూడా మరవరాదు.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఈ పదవికి పట్టిన గతిని పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. నెహ్రూ వద్ద 1946 నుండి పనిచేసిన ఎం. ఓ. మథాయి అధికారాన్ని దుర్వినియోగం చేశాడన్న ఆరోపణలు పార్లమెంటు దాకా వచ్చి 1959లో రాజీనామా చేశాడు. నెహ్రూ మరణించిన చాలా ఏళ్లకు, 1978లోను 1979లోను, జ్ఞాపకాల పుస్తకాలు వెలువరించాడు. ఇద్దరి స్వభావాలు వేరు, నిజమే. కాని స్వభావం ఒక్కటే కారణం కాదు. దేశాయి కాపలా ఉన్న గది తలుపు జైలుకు తెరుచుకునేది. మథాయి కాపలా ఉన్న గది తలుపు ప్రభుత్వానికి తెరుచుకునేది. ఆ తలుపు దగ్గర కూర్చున్నవాని చేతికి అధికారం అప్రయత్నంగానే వస్తుంది.

1942 ఆగస్టు 9న గాంధీజీతో పాటు దేశాయిని అరెస్టు చేసి పూనాలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధించారు. ఆరు రోజులకు, ఆగస్టు 15న, గుండె ఆగి మరణించాడు. గాంధీజీ స్వయంగా శవానికి స్నానం చేయించాడు. దహనం ఆ నిర్బంధ భవనపు ఆవరణలోనే జరిగింది. 1944లో కస్తూర్బాను దహనం చేసింది కూడా ఆ ప్రక్కనే. ఆయన దినచర్యకు 1955లో, గుజరాతీకి అకాడమీ బహుమతి మరణానంతరం లభించింది.

మన విద్యార్థులు ఆధునిక చరిత్రను పాఠ్యపుస్తకాల్లోని తీర్మానాల ద్వారా నేర్చుకుంటున్నారు. గాంధీజీని ఆరాధించేవారు, ఖండించేవారు ఇద్దరూ సిద్ధంగా ఉన్న తీర్పులనే వల్లిస్తున్నారు. దేశాయి సంపుటాలు తరగతి గదిలోకి రావాలి. వాటిని మనం రెండు కళ్లతో చదవాలి. ఒక కన్ను ఆయన వ్రాసినది చూడాలి. రెండవ కన్ను, ఆ వాక్యాల మధ్య నుంచి తప్పిపోయిన హాలీ కోసం వెదకాలి. మన ఉద్యమాలకూ వ్రాసేవారు ఉన్నారు, మన నాయకుల వెంటా విధేయులు ఉన్నారు. వారు వ్రాసి పెట్టినదానిలో మోటారు మాట వంటి మాట ఒక్కటైనా ఉన్నదా అని అడగడం దేశాయి మనకు నేర్పే పాఠం.