ఎడమ రెక్కన ఎరుపు, కుడి రెక్కన ఆకుపచ్చ

విమానాన్ని ఇంట్లోనే కట్టుకునేవారున్నారంటే మనలో చాలామందికి నమ్మశక్యం కాదు. అమెరికాలో మాత్రం అదొక పెద్ద ఉద్యమం. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీ నగరంలో స్థాపించిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ దానికి ఊపిరి పోసింది. కారు షెడ్డులో రేకులు కోసి, రివెట్లు కొట్టి, ఏళ్ళ తరబడి శ్రమించి, చివరకు తాము కట్టిన దానిలోనే ఎగిరినవారు వేలల్లో ఉన్నారు. అలా కట్టుకునేవాడికి ఇంజను ఏది, కుర్చీలెన్ని, పై రంగు ఏది అన్నవన్నీ తన ఇష్టమే. ఒక్కచోట మాత్రం ఆ ఇష్టం చెల్లదు. రాత్రిపూట ఎగరదలచుకుంటే ఎడమ రెక్క కొసన ఎర్రదీపం, కుడి రెక్క కొసన ఆకుపచ్చ దీపం, వెనుకవైపుకు తెల్లదీపం ఉండి తీరాలి. దీపం ఎవరి దగ్గర కొన్నా ఫరవాలేదు, రంగు మార్చడానికి వీల్లేదు.

ఈ రంగులను నిర్ణయించినవారు విమానాలవాళ్ళు కారు, ఓడలవాళ్ళు. ఈ కథ నన్ను ఆకర్షించడానికి కారణం అదే.

మాది అంబాజీపేట. కొబ్బరి బజారుకు పేరుపడ్డ ఊరు. చుట్టూ గోదావరి పాయలు, కాలువలు. ఆవల సముద్రం, అంతర్వేది దీపస్తంభం. దీపానికీ నీటికీ ఉన్న సంబంధం మా సీమలో ఒకరు చెప్పవలసినది కాదు. 1796లో మదరాసు కోటలో వెలిగిన తొలి దీపస్తంభంలో కాలినది కొబ్బరినూనె. అది ఏ తీరపు కొబ్బరిదైతేనేం, మా ఊళ్ళో ఆడేదీ ఆ నూనే గదా! బంగాళాఖాతంలో వచ్చే ఓడలకు చాలాకాలం దారి చూపినది ఆ వత్తి వెలుగు.

అయితే ఒడ్డున దీపం ఉంటే చాలదు, ఓడ మీదా ఉండాలి. తెరచాప ఓడల కాలంలో ఈ అవసరం అంతగా తెలియలేదు. గాలి ఎటు వీస్తే ఓడల గమనం దానికి లోబడి ఉండేది, వేగమూ తక్కువే. ఆవిరి ఓడలు వచ్చాక గాలితో నిమిత్తం పోయింది. ఏ ఓడ ఎటునుంచి ఎంత వేగంతో వస్తుందో చీకట్లో ఊహించడం అసాధ్యమైంది. అందుచేత 1848లో బ్రిటిష్ నౌకాశాఖ ఆవిరి ఓడలకు ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ, స్తంభం మీద తెలుపు అని నిబంధన పెట్టింది. మరుసటి ఏడు అమెరికా తన జలాల్లో తెరచాప ఓడలకు కూడా దీపాలు తప్పనిసరి చేసింది. మా కోరంగి, తాళ్ళరేవుల్లో తెరచాప ఓడలు కట్టే కాలమది.

ఈ ఏర్పాటులోని తెలివి గమనించదగ్గది. రెండు ఓడలు అడ్డంగా ఎదురైనప్పుడు, ఎదుటి ఓడ ఎవరికి కుడివైపున ఉన్నదో వారే దారి ఇవ్వాలి. నా కుడినుంచి అడ్డంగా వచ్చే ఓడ తన ఎడమ పక్కను నాకు చూపుతుంది, అక్కడున్నది ఎర్రదీపం. కనుక ఎరుపు చూచినవాణ్ణి నేను, తప్పుకోవలసినవాణ్ణీ నేనే. అదే క్షణాన అవతలి సరంగుకు నా కుడిపక్కనున్న ఆకుపచ్చ కనిపిస్తుంది, అతడు తన దారిన సాగిపోవచ్చు. ఒకరి మాట ఒకరికి వినబడదు, ఒకరి భాష ఒకరికి రాకపోవచ్చు. అయినా ఇద్దరూ చీకట్లో ఒక ఒప్పందానికి వచ్చేశారు!

ఇక విమానం సంగతి. 1910 ఏప్రిల్‌లో లండన్-మాంచెస్టర్ పందెంలో క్లాడ్ గ్రహమ్-వైట్ రాత్రివేళ ఎగిరినప్పుడు దారి చూపినవి నేల మీది మోటారు కార్ల దీపాలు. ఆకాశంలో రద్దీ పెరిగేసరికి కొత్త భాష కల్పించవలసిన పని పడలేదు. 1919 నాటి పారిస్ ఒడంబడిక ఓడల రంగులనే విమానాలకు వర్తింపజేసింది. కుడివైపు ఉన్నవాడికి దారి ఇవ్వాలన్న నియమమూ వెంట వచ్చింది. నేటికీ రెక్కల దీపాలు ఎదురుదిశ నుంచి చెరొక 110 డిగ్రీల మేర, వెనుక దీపం 140 డిగ్రీల మేర కనబడాలి. మూడూ కలిపితే 360. ఏ దిక్కునుంచి చూచినా ఏదో ఒక మాట వినిపిస్తుందన్నమాట.

రంగు మారలేదు గాని దీపం మారుతూనే వచ్చింది. నూనె, కిరోసిన్ మంటలు పసుపు వన్నెవి కనుక, ఆకుపచ్చ వెలుగు కోసం లాంతరు అద్దాన్ని కాస్త నీలం కలిపి చేసేవారు. విద్యుద్దీపంలోనూ రంగు అద్దం వెలుగులో పెద్ద భాగాన్ని మింగేసేది. 1931లో హెరాల్డ్ ఎడ్జర్టన్ రూపొందించిన మెరుపు దీపం నుంచి రెక్కల కొసన తళుక్కుమనే తెల్లదీపాలు పుట్టాయి. 1962లో ఎర్రని ఎల్.ఇ.డి., 1990లలో ప్రకాశవంతమైన నీలం, ఆకుపచ్చ ఎల్.ఇ.డి.లు వచ్చాయి. ఇవి రంగును తామే పుట్టిస్తాయి, అద్దానికి పన్ను కట్టనక్కరలేదు.

అందుకే నేడు సొంతంగా విమానం కట్టేవారు ఎక్కువగా వీటినే కోరుకుంటున్నారు. విద్యుత్తు ఆదా, వేడి తక్కువ. కాని రెండు చిక్కులున్నాయి. చౌకరకం దీపం రేడియోలో రొద పుట్టించవచ్చు. రెండవది ఇంకా సూక్ష్మమైనది. పాతదీపంలో తీగ తెగితే ఆరిపోయిందని తెలిసేది, ఎల్.ఇ.డి. ఏళ్ళ మీద మెల్లమెల్లగా మసకబారుతుంది. అమెరికా నిబంధనలు చాలాకాలం చిన్న విమానాల రెక్కల దీపాలకు ఎదురుగా 40 క్యాండెలాలు, అంటే ఉరమరగా నలభై కొవ్వొత్తుల వెలుగు, ఉండాలన్నాయి. అది పాతికకు దిగజారినా లోపల కూర్చున్నవాడికి తెలియదు. తెలియవలసినవాడు ఎక్కడో చీకట్లో ఉన్నాడు.

దీపానికి మరో ముఖం కూడా ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వాణిజ్య నౌకలు మునిగాయి. యుద్ధకాలంలో ఓడలు దీపాలు ఆర్పుకొని తిరిగేవి. తానెక్కడున్నదీ చెప్పుకోవడం శాంతికాలపు భాగ్యమని అప్పుడు బోధపడి ఉంటుంది. దీపం సర్వరక్షకమూ కాదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి వద్ద రెండు పెద్ద విమానాలు మబ్బుల నడుమ ఢీకొని 349 మంది మరణించారు. మబ్బులో ఎంత మంచి దీపమైనా మూగదే. ఆ తరువాతనే మన దేశంలో ఢీకొనే ప్రమాదాన్ని ముందే హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది.

అయినా నిర్మలమైన రాత్రిలో రెండు చిన్న విమానాల మధ్య చివరి మాట ఆ మూడు రంగులదే. ధర, బరువు, విద్యుత్తు లెక్కలు చూచుకోవలసిందే. కాని మనం కొనే ఈ వస్తువు మన కళ్ళ కోసం కాదు. నేల చూపించే దిగుడు దీపం ఒక్కటే మనది, మిగిలినవన్నీ ఎదుటివాడివి. అతడి కళ్ళతో చూచి ఎన్నుకున్న దీపమే సరైన దీపమని నా అభిప్రాయం.

మీ ఊరి రేవుల్లో, లాంచీల మీద, పంటుల మీద చూచిన దీపాల ముచ్చట్లు గుర్తుంటే చెప్పండి, చదివి సంతోషిస్తాను.