వచ్చిపోయే విద్యార్థులు, నిలిచిన సంఘం

విద్యార్థి సంఘాలకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉన్నది. సభ్యుడైనవాడు నాలుగైదేళ్లలో సంఘాన్ని విడిచి వెళ్లక తప్పదు. మార్చిలో వైభవంగా వార్షికోత్సవం జరుపుకున్న సాహితీ సంఘం జూన్ నాటికి పేరుకు మాత్రమే మిగలడం అధ్యాపకునిగా నేను పలుమార్లు చూశాను. చందాలు సరిగా వసూలు కాకపోవడమే దీనికి కారణమని చాలామంది అంటారు. నేనట్లా అనుకోను. అమెరికాలో నల్లజాతి ఇంజనీరింగు విద్యార్థులు నిర్మించుకున్న సంఘ చరిత్రను పరిశీలిస్తే కారణం వేరే అని తెలుస్తుంది.

పౌరహక్కుల ఉద్యమం 1964లో చట్టాన్ని సాధించింది. కళాశాల తలుపులు తెరుచుకున్నాయి. కాని ఆ దశాబ్దం చివర ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో చేరిన నల్లజాతి విద్యార్థులలో నూటికి 80 మంది చదువు మానివేశారని ఆ సంఘ చరిత్రే చెబుతున్నది. ప్రవేశం దొరకడం వేరు, నిలబడగలగడం వేరు.

1971లో ఎడ్వర్డ్ బార్నెట్, ఫ్రెడ్ కూపర్ అనే ఇద్దరు విద్యార్థులు డీన్‌ను కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అధ్యాపకుడు ఆర్థర్ బాండ్ సలహాదారుగా నిలిచాడు. వారి తరువాత షికాగో నుంచి వచ్చిన ఆరుగురు విద్యార్థులు దానిని దేశవ్యాప్తం చేయ పూనుకున్నారు. వారిలో ఆంథొనీ హారిస్ ఇంజనీరింగు కళాశాలలకు 288 ఉత్తరాలు రాశాడు. జవాబులు 80 వచ్చాయి. 1975 ఏప్రిల్ 10 నుంచి 12 వరకు పర్డ్యూలో జరిగిన మహాసభకు 32 కళాశాలల నుంచి 48 మంది వచ్చారు. అక్కడే నల్లజాతి ఇంజనీర్ల జాతీయ సంఘం పుట్టింది.

స్థాపకులందరూ చదువు ముగించుకుని వెళ్లిపోయారు. సంఘం మాత్రం యాభై ఏళ్లు దాటి నడుస్తున్నది. ఎందువల్ల? దానిని పుట్టించిన అవసరం ఏటా కొత్త విద్యార్థులతో పాటు మళ్లీ తరగతిలోకి వస్తున్నది గనుక. ఆ అవసరానికి తగిన నిర్మాణాన్ని కూడా వారు ఏర్పరచుకున్నారు. బడిపిల్లలకు ఒక విభాగం, ఉద్యోగాలలో చేరినవారికి మరొకటి ఉన్నాయి. జాతీయ నాయకత్వం విద్యార్థుల చేతిలోనే ఉన్నది. పరిశోధక విద్యార్థులకూ అందులో చోటున్నది. కనుక ముందు నడిచినవాడు వెనుక వచ్చేవాడికి చేయి అందించడమే అక్కడ సభ్యత్వానికి అర్థమైంది.

ఐతే ఇందులో ఒక వైరుధ్యం లేకపోలేదు. ఆ సంఘ మహాసభలకు పెద్ద కంపెనీలు విరాళాలిస్తాయి. ఉద్యోగులను ఎన్నుకోవడానికీ అక్కడికే వస్తాయి. సమష్టి విముక్తి కోసం పుట్టిన సంఘం వ్యక్తుల ఉద్యోగాలకు నిచ్చెనగా మాత్రమే మిగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. అంతమాత్రాన, మధ్యలో చదువు మానవలసి వచ్చిన విద్యార్థిని నిలబెట్టిన పని తక్కువది కాదు.

మన కళాశాలల్లో సంఘాలు నడిపే మిత్రులు రసీదు పుస్తకం తెరిచే ముందు మొదటి సంవత్సరం తరగతిలోకి వెళ్లాలి. అక్కడ ఎవరు వెనుకబడుతున్నారో, ఎందుకు బడికి రావడం మానుకుంటున్నారో అడగాలి. సభ్యత్వ సేకరణకు అంతకన్న సరైన ఆరంభం నాకు కనబడదు.