రేవుల కొయ్య గుంజల సంరక్షణ

ఓడరేవులలోను, పడవల రేవులలోను జెట్టీలను, వార్ఫులను మోయడానికి నీటి అడుగున నేలలోకి దిగగొట్టే పొడవైన దుంగలను కొయ్య గుంజలు లేదా కొయ్య పైల్స్ అని అంటారు. ఉక్కు, కాంక్రీటు వాడుకలోకి వచ్చిన తరువాత కూడా ప్రపంచంలోని అనేక రేవులు వీటిపైననే నిలిచి ఉన్నాయి. గుంజ పైకి దృఢంగా కనిపిస్తూనే లోపల గుల్లబారి, ఏ హెచ్చరికా లేకుండా విరిగిపోవచ్చును. కనుక వీటి సంరక్షణ రేవుల ఇంజనీరింగులో ప్రత్యేకమైన అంశంగా రూపొందింది.

గుంజ ఏ భాగంలో చెడుతుంది

ఒకే గుంజలో వేర్వేరు ఎత్తుల వద్ద వేర్వేరు శత్రువులు పనిచేస్తాయి. నీటి మట్టానికి పైన ఉన్న భాగాన్ని శిలీంధ్రాలు కుళ్ళబెడతాయి. వీటికి తేమ, గాలి రెండూ కావాలి. కలప బరువులో తేమ సుమారు 20 శాతం లోపు ఉంటే కుళ్ళు పట్టదు. పూర్తిగా నీటిలో మునిగిన కలపకు గాలి అందదు గనుక అక్కడా పట్టదు. ఈ రెంటికి నడుమ, అనగా వాన నీరు నిలిచే గుంజ తలలోను, మేకులు, బోల్టులు దిగిన రంధ్రాలలోను కుళ్ళు మొదలవుతుంది. సముద్రపు గుంజలలో ఆటుపోట్ల నడుమ ఉన్న భాగం, దాని దిగువన బురద మట్టం వరకు ఉన్న భాగం కలపను తొలిచే జీవుల పాలవుతాయి. బురదలో పూడిన భాగం మాత్రం దాదాపు సురక్షితం. అక్కడ బాక్టీరియా చేసే హాని చాలా నెమ్మదైనది. వెనిస్ నగరపు భవనాలు నేటికీ బురదలో దిగిన కొయ్య గుంజలపై నిలిచి ఉండడానికి కారణం ఇదే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రాజప్రాసాదం క్రింద ఇటువంటి గుంజలు 13,659 ఉన్నాయి. దీనికి విరుద్ధంగా అమెరికాలోని బోస్టన్ నగరంలో భూగర్భ జలమట్టం తగ్గిన చోట్ల, శతాబ్దం పాటు చెక్కుచెదరని పునాది గుంజల తలలకు గాలి తగిలి అవి కుళ్ళిపోయాయి.

కలపను తొలిచే సముద్ర జీవులు

వీటిలో ముఖ్యమైనది టెరెడో. ఇంగ్లీషులో దీనిని షిప్‌వార్మ్, అనగా ఓడ పురుగు అని పిలుస్తారు. పేరులో పురుగు ఉన్నా ఇది పురుగు కాదు. ఆల్చిప్పలకు బంధువైన మొలస్కా వర్గపు జీవి. దీని చిప్పలు కుంచించుకుపోయి, తల వద్ద కలపను చెక్కే పనిముట్లుగా మారాయి. గుండుసూది తలంత రంధ్రం గుండా పిల్లగా లోనికి ప్రవేశించి, తినుకుంటూ పెరిగి, అడుగు పొడవుకు కూడా చేరుకుంటుంది. తాను చేసిన సొరంగానికి సున్నపు పూత పూసుకుంటుంది. నీటి ఉప్పదనం ఒక్కసారిగా తగ్గినపుడు తోక చివరనున్న బిరడాల వంటి పలకలతో ద్వారాన్ని మూసుకొని వారాల తరబడి జీవించగలదు. కలపలోని సెల్యులోజును జీర్ణం చేసుకోవడానికి దాని మొప్పలలో నివసించే బాక్టీరియా తోడ్పడుతుంది. గుంజ ఉపరితలంపై కనిపించేవి చిన్న చిన్న రంధ్రాలు మాత్రమే గనుక నష్టం ఎంతో పైనుండి అంచనా వేయడం సాధ్యం కాదు. థేమ్స్ నది క్రింద సొరంగం త్రవ్విన మార్క్ బ్రూనెల్‌కు తన సొరంగ యంత్రపు ఆలోచన ఈ జీవిని చూసే కలిగిందని ప్రసిద్ధి.

రెండవది లిమ్నోరియా. రొయ్యలు, పీతలు చేరిన క్రస్టేషియా వర్గానికి చెందిన ఈ జీవి కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరగదు. ఇది కలప ఉపరితలాన్నే వేల సంఖ్యలో కొరుకుతుంది. మెత్తబడిన పొరను అలలు కొట్టుకుపోగా క్రొత్త పొర బయటపడుతుంది. ఈ విధంగా ఆటు సమయపు నీటి మట్టం వద్ద గుంజ నడుము సన్నబడి ఇసుక గడియారం ఆకారానికి వస్తుంది. టెరెడో చేసే హాని వలె కాక ఈ హాని కంటికి కనిపిస్తుంది. ఆ మేరకు ఇది మేలే. వెచ్చని సముద్రాలలో మార్టీసియా అనే మరొక మొలస్కా జీవి, నదీముఖాలలో స్ఫీరోమా అనే క్రస్టేషియా జీవి కూడా గుంజలను తొలుస్తాయి. ఇవి కలపను ప్రధానంగా నివాసం కొరకే తొలుస్తాయి.

చరిత్రలో కొన్ని ఘట్టాలు

1503లో క్రిస్టఫర్ కొలంబస్ తన నాలుగవ యాత్రలో జమైకా తీరాన చిక్కుకుపోవడానికి కారణం ఓడల అడుగు భాగాలను ఈ జీవులు తినివేయడమే. 1730ల ప్రారంభంలో నెదర్లాండ్స్ దేశంలో సముద్రపు కట్టలకు రక్షణగా నిలిపిన కొయ్య గుంజలు టెరెడో వలన విరిగిపోవడంతో, కట్టలకు రాతి కట్టడం తప్పనిసరి అయింది. రాయి దొరకని దేశం గనుక డ్రెంథె ప్రాంతంలోని ప్రాచీన రాతి సమాధుల బండలను కూడా తరలించసాగారు. వాటిని కాపాడడానికి 1734లో చట్టం చేయవలసి వచ్చింది.

ఇంజనీర్లకు ఎక్కువ పాఠం నేర్పినది శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు ఉదంతం. ఆ అఖాతపు ఎగువ భాగంలోకి శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల మంచినీరు చేరుతుంది. టెరెడో అంత తక్కువ ఉప్పదనంలో బ్రతకదనే నమ్మకంతో అక్కడి రేవులలో రసాయనం పట్టించని గుంజలను వాడారు. టెరెడో నావాలిస్ అనే జాతి మాత్రం ఇతర జాతుల కంటే తక్కువ ఉప్పదనాన్ని తట్టుకోగలదు. 1910లలో ఆ జాతి అఖాతంలో ప్రవేశించింది. వర్షాభావం వలన నదీ ప్రవాహాలు తగ్గి ఉప్పునీరు పైకి ఎగదన్నడంతో 1919 - 1921 మధ్య ఎగువ రేవులలోని వార్ఫులు, ఫెర్రీ రేవులు, గిడ్డంగులు ఒకదాని తరువాత ఒకటి కూలిపోయాయి. కొన్నింటిపై సరుకులు, రైలు పెట్టెలు కూడా ఉన్నాయి. దశాబ్దాలుగా నిలిచిన కట్టడాలు రెండు సంవత్సరాలలో పోయాయి. దీనిపై ఏర్పడిన సంఘం 1927లో తుది నివేదిక వెలువరించింది. గుంజలు నాటే ముందు ఆ నీటి సగటు ఉప్పదనాన్నే గాక, అనావృష్టి సంవత్సరంలో అది ఎంతవరకు పెరుగుతుందో కూడా చూడాలని ఈ అనుభవం నేర్పింది.

కలప ఎంపిక

కొన్ని కలపలకు స్వతఃసిద్ధంగా నిరోధశక్తి ఉంటుంది. గయానాలో పెరిగే గ్రీన్‌హార్ట్, ఆస్ట్రేలియాలోని టర్పెంటైన్ వృక్షం ఈ విషయంలో పేరుపొందాయి. టర్పెంటైన్ కలపలోని సిలికా రేణువులు తొలిచే జీవులకు అడ్డుపడతాయి. అయితే ఏ కలపా సముద్రంలో శాశ్వతం కాదు. ఈ నిరోధశక్తి కూడా చేవకే తప్ప బెరడు క్రింది లేత కొయ్యకు ఉండదు. విచిత్రమేమంటే రసాయనం పట్టించదలచినపుడు లేత కొయ్యయే మేలు, ఎందుకంటే ద్రవాన్ని బాగా పీల్చుకునేది అదే. దళసరి లేత కొయ్య గల దక్షిణ అమెరికా రాష్ట్రాల పైన్ దుంగలకు యునైటెడ్ స్టేట్స్‌లో అందుకే గిరాకీ. డగ్లస్ ఫర్ వంటి కలప ద్రవాన్ని సులభంగా పీల్చదు గనుక దాని ఉపరితలంపై ముందుగా చిన్న చిన్న గాట్లు పెడతారు.

సంరక్షక రసాయనాలు

బొగ్గు తారునుండి తీసే క్రియోసోట్ నూనెను ఒత్తిడితో కలపలోనికి ఎక్కించే పద్ధతికి జాన్ బెథెల్ 1838లో ఇంగ్లాండులో పేటెంటు పొందాడు. బెరడు తీసి ఆరబెట్టిన దుంగలను మూసిన ఉక్కు సిలిండరులో ఉంచి, మొదట గాలిని తోడివేసి, తరువాత వేడి క్రియోసోట్‌ను నింపి ఒత్తిడి పెంచుతారు. పైపైన పూసే పూతకు, దీనికి పోలికే లేదు. పూత పగిలిన చోటినుండి పిల్ల టెరెడో లోనికి వెళ్ళడానికి వెంట్రుక వాసి సందు చాలు. సముద్రంలో వాడే పైన్ గుంజలలో ఘనపు మీటరు కలపకు సుమారు 320 కిలోల క్రియోసోట్ ఎక్కించడం అమెరికా ప్రమాణాలలో కనిపిస్తుంది.

రెండవ ప్రధాన రసాయనం ఒక తెలుగు శాస్త్రవేత్త కనుగొన్నది కావడం విశేషం. డెహ్రాడూన్ లోని అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించారు. ఆర్సెనిక్, రాగి మూలకాల సంకేతాలను కలిపి దీనికి ఆస్కు అని పేరు పెట్టారు. ప్రపంచమంతటా ఇది సి.సి.ఎ. అనే పేరుతో వాడుకలోకి వచ్చింది. రాగి శిలీంధ్రాలను, ఆర్సెనిక్ కీటకాలను, రాగికి లొంగని శిలీంధ్రాలను అదుపు చేస్తాయి. క్రోమియం ఈ రెంటినీ కలపలో గట్టిగా పట్టి ఉంచుతుంది. అంతకు ముందటి నీటిలో కరిగే లవణాలు వానకు, అలలకు కడిగివేయబడేవి. కామేశం పరిష్కరించినది ఆ చిక్కునే.

వెచ్చని నీటిలో ఉండే లిమ్నోరియా ట్రైపంక్టేటా అనే జాతి క్రియోసోట్ పట్టించిన కలపను కూడా తింటుంది. అటువంటి చోట్ల ముందుగా రాగి - ఆర్సెనిక్ లవణాలను, అవి ఆరిన తరువాత క్రియోసోట్‌ను ఎక్కించే జంట పద్ధతిని అనుసరిస్తారు.

ఆంధ్ర తీరంలో పరిశోధనలు

భారతదేశపు తీర జలాలు ఏడాది పొడవునా వెచ్చగా ఉండడం వలన తొలిచే జీవులకు విరామం ఉండదు. రసాయనం పట్టించని మెత్తని కలప కొన్ని నెలల్లోనే గుల్లబారుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగంలో పి.ఎన్.గణపతి, ఆర్.నాగభూషణం మొదలైనవారు విశాఖపట్నం రేవులోని టెరెడో, మార్టీసియా వంటి జీవుల జీవిత విధానాన్ని అధ్యయనం చేశారు. తరువాతి కాలంలో అటవీ పరిశోధకులు కూడా విశాఖపట్నంలో పలు జాతుల కలప ముక్కలను రేవు నీటిలో వ్రేలాడదీసి ఏది ఎంతకాలం నిలుస్తుందో పరీక్షించారు. మత్స్యకారుల తెప్పల కలపకు సంరక్షకాలు పట్టించే ప్రయోగాలు కూడా జరిగాయి. వేట ముగిసిన తరువాత తెప్పను ఇసుకపైకి లాగి ఎండబెట్టే అలవాటు సౌకర్యం కొరకే అయినా, తొలిచే జీవులను అది కొంతవరకు అరికడుతుంది. గుంజకు ఆ అవకాశం లేదు.

నాటిన గుంజల రక్షణ, మరమ్మతు

రసాయనం చేరేది గుంజ పై పొరలకే. నాటేటప్పుడు గొలుసులు ఒరిసినా, కొక్కేలు గుచ్చినా, తరువాత బోల్టుల కొరకు రంధ్రాలు వేసినా ఆ పొర తెగి లోపలి పచ్చి కలప బయటపడుతుంది. అందువలన గాట్లు, రంధ్రాలు వీలైనంతవరకు రసాయనం పట్టించే ముందే చేయాలి. తప్పనిసరియై తరువాత వేసిన వాటికి కాపర్ నాఫ్తనేట్ వంటి ద్రవాన్ని బాగా పట్టించాలి. వాడని రంధ్రాలను రసాయనం పట్టించిన కొయ్య బిరడాలతో మూసివేస్తారు. దిగగొట్టిన తరువాత ఎత్తు సరిచేయడానికి కోసిన తల కూడా ఇటువంటి గాయమే. దానికి ద్రవం పట్టించి, నీరు నిలువకుండా లోహపు లేదా ప్లాస్టిక్ టోపీ తొడుగుతారు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయిన ఈ పనినే చాలా చోట్ల విస్మరిస్తుంటారు.

పూర్వం గుంజలకు రాగి రేకు తొడిగేవారు, లేదా వెడల్పు తల గల ఇనుప మేకులను పక్కపక్కనే దిగగొట్టేవారు. ప్రస్తుతం పి.వి.సి. లేదా పాలిథీన్ తొడుగును బురద మట్టం క్రిందినుండి పోటు మట్టానికి పైవరకు బిగించి చుట్టుతారు. ఇది క్రొత్త జీవులను రానివ్వదు. పైగా తొడుగులో చిక్కిన నీటిలో ప్రాణవాయువు త్వరలోనే తరిగిపోయి, అప్పటికే లోపల ఉన్న జీవులు కూడా మరణిస్తాయి. తొడుగు చిరిగితే నీరు మారుతుంది, రక్షణ పోతుంది. కనుక పడవలు తగిలే వైపున అరిగిపోవడానికే ఉద్దేశించిన అదనపు పలకలు అమర్చాలి. అయితే తొడుగు పోయిన బలాన్ని తిరిగి తేలేదు. నడుము బాగా సన్నబడిన గుంజకు ఫైబర్‌గ్లాస్ అచ్చు తొడిగి ఎపాక్సీని గాని సిమెంటు గారను గాని నింపుతారు. అంతకంటే చెడిపోయినచో ఆ భాగాన్ని కోసి, బాగున్న మొదలుపై క్రొత్త దుంగను అతుకుతారు.

ఇవన్నీ సకాలంలో జరగాలంటే తనిఖీ ముఖ్యం. సుత్తితో కొట్టినపుడు గట్టి కలప ఖంగుమంటుంది, గుల్లబారినది బొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట సన్నని బోలు బరమాతో కలప నమూనా తీసి పరిశీలిస్తారు. నీటి అడుగున గజ ఈతగాళ్ళు నాచును, గుల్లలను గీకివేసి చూస్తారు. అతిధ్వని తరంగాలతో పరీక్షించే పద్ధతి కూడా ఉంది.

పర్యావరణ సమస్యలు

జీవులను చంపే రసాయనం నీటిలోకి కొద్దికొద్దిగా ఊరుతుంది. క్రియోసోట్‌లోని కొన్ని హైడ్రోకార్బన్లు, సి.సి.ఎ.లోని ఆర్సెనిక్ ఆందోళన కలిగించేవి. అమెరికాలో ఇళ్ళ అవసరాలకు సి.సి.ఎ. కలప తయారీని 2003 చివరితో చాలావరకు నిలిపివేశారు, సముద్రపు గుంజలకు మాత్రం మినహాయింపు ఉంచారు. యూరోపియన్ యూనియన్ రెండింటిపైనా కఠినమైన ఆంక్షలు విధించింది. వాడి తీసివేసిన గుంజలను వంటచెరకుగా కాల్చరాదు, సి.సి.ఎ. కలప పొగలోను, బూడిదలోను ఆర్సెనిక్ ఉంటుంది.

నీటి కాలుష్యానికి, గుంజల ఆయుష్షుకు మరొక విధమైన సంబంధం కూడా ఉంది. ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం న్యూయార్క్ రేవు నీరు ఎంతగా కలుషితమైందంటే అందులో టెరెడో, లిమ్నోరియా బ్రతకలేకపోయాయి. ఆ కాలంలో నాటిన పచ్చి గుంజలు నిశ్చింతగా నిలిచాయి. 1972 నాటి జల పరిశుభ్రతా చట్టం తరువాత నీరు క్రమంగా బాగుపడగా చేపలతోపాటు తొలిచే జీవులు కూడా తిరిగివచ్చాయి. అప్పటినుండి నగరపు వార్ఫులకు, నీటి అంచునున్న ఉద్యానవనాలకు ఆధారమైన పాత గుంజలకు తొడుగులు చుట్టడం, ఎపాక్సీ నింపడం పెద్ద వ్యయంతో కూడిన పనిగా పరిణమించింది.