ఒక బొద్దక్షరపు చరిత్ర

మాటకు కంఠస్వర మెట్టిదో అచ్చునకు అక్షరరూప మట్టిది. ఒకే వార్తను రేడియోలో ఇద్దరు చదివినచో రెండు తీరుల వినిపించును. అట్లే ఒకే వాక్యము రెండు టైపులలో అచ్చయినచో రెండు భావములను కలిగించును. ఇందుకు చక్కని నిదర్శనము ‘కూపర్ బ్లాక్’ అను ఆంగ్లాక్షరముల టైపు.

దీనిని రూపొందించినవాడు ఆస్వాల్డ్ కూపర్. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున 1879లో జన్మించి, కాన్సాస్‌లో పెరిగి, చిత్రకళ నేర్చుటకై షికాగో చేరెను. అచ్చట ఫ్రెడరిక్ గౌడీ యొద్ద అక్షరలేఖనము నభ్యసించెను. 1904లో ఫ్రెడ్ బెర్ట్ష్‌తో కలిసి ప్రకటనల సంస్థను నెలకొల్పెను. పిదప బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అను టైపుల పోతశాలవారు అతని అక్షరములను లోహమున పోతపోయించిరి. 1922లో కూపర్ బ్లాక్ వెలువడెను.

రోమన్ అక్షరముల కొనలయందు సాధారణముగా సన్నని అడ్డుగీత లుండును. కూపర్ వానిని నున్నగా ఉబ్బించెను. అక్షరము బూరెవలె పొంగినది. లోపలి ఖాళీలు కుంచించుకొనినవి. మొన యన్నది ఎచ్చటను కానరాదు. గుండ్రని లిపికి అలవాటుపడిన తెలుగువారి కన్నులకు అది అంతగా పరాయిదనిపించదు. పైగా అడుగు గుండ్రముగా నుండుటచే, వరుస రవ్వంత తప్పినను దోషము పైకి తెలియదు. కాగితముపై రుద్ది అంటించు అక్షరములు వాడుకలోనికి వచ్చిన కాలమున ఈ గుణము మిక్కిలి అక్కరకు వచ్చెను.

సంప్రదాయజ్ఞులైన ముద్రాపకులు దీనిని నల్లని ఉపద్రవమని ఈసడించిరి. కాని ప్రకటనకర్తలు ఎగబడి కొనిరి. ఇతర పోతశాలలు పోటీకి దిగెను. చిత్ర మేమన, 1925లో మోనోటైపు సంస్థ కోరికపై, దీనికి పోటీగా మరియొక బొద్దక్షరమును చేసి యిచ్చినవాడు గురువైన గౌడీయే!

కూపర్ 1940లో మరణించెను. అక్షరము మాత్రము జీవించినది. 1966లో బీచ్ బాయిస్ బృందమువారి ‘పెట్ సౌండ్స్’ రికార్డు అట్టపైనను, 1968లో మొదలైన బి.బి.సి. హాస్యనాటిక ‘డాడ్స్ ఆర్మీ’ పేరునందును, పిమ్మట ఈజీజెట్ విమానములపైనను అదియే నిలిచినది.

దీని నెచ్చట వాడవలెను? మిఠాయిపొట్లము, పిల్లల పుస్తకపు అట్ట, వేడుకల ఆహ్వానము, దుకాణపు బోర్డు — వీనికి ఇది తగును. రెండు మూడు మాటలు, పెద్ద పరిమాణమున ఉండవలెను. పేరాలకు పేరాలు దీనితో నింపినచో పుట మసిబారినట్లు తోచి చదువరికి విసుగు పుట్టును. సంతాపలేఖకు, మందుసీసాపై హెచ్చరికకు ఇది యెంతమాత్రము తగదు. మరణవార్తను నవ్వుచు చదివిన గొంతును మన మెట్లు క్షమింపమో, ఇదియు నట్టిదే.

పూర్వము ఈ విచక్షణ అనుభవజ్ఞుడైన కంపోజిటరు వహించెడివాడు. నేడు కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివాడును కంపోజిటరే. కావున అక్షరము నెన్నుకొనుటకు ముందు ఆ మాటను ఒకమారు పైకి చదివి, ఏ గొంతుతో పలుకవలెనో వినుట మేలు.