నాలుగు లీటర్ల నీళ్లు

కొబ్బరినూనె డబ్బా బోర్లించినా చుక్క జారడం లేదు. నల్లమల మీంచి దిగే చలికి రాత్రికి రాత్రే గడ్డ కట్టేసింది. చెంచా కాడతో గీకి వేడినీళ్ల గ్లాసులో వేస్తున్నాను. తెల్లటి పెచ్చులు కరిగి, నూనె కళ్లు కళ్లుగా పైకి తేలుతోంది. ముక్కు మూసుకుని గటగటా తాగేశాను. పెదాలు, మీసం అంతా జిడ్డు.

"బంగారంలాంటి అన్నం మాని నూనె తాగేదేంది నాయనా!" పొయ్యి దగ్గర అమ్మ సజ్జరొట్టె తడుతూ సణుగుతోంది. "పోనీ అన్నం వద్దు, ఇదన్నా తిను. ఇది బలమే గదా."

బలమే. కానీ సజ్జల్లోనూ నూటికి అరవై పాళ్లు పిండిపదార్థమే. నా లెక్కకు అదీ పనికిరాదు.

బరువు తగ్గడానికి ఈ లెక్క వీరమాచనేని రామకృష్ణ చెప్పింది. 2018 నాటికే తెలుగునాట ఏ ఊళ్లో చూసినా ఆయన వీడియోలే. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం ఆగితే ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటుందన్నది సూత్రం. ఇదేం కొత్త కాదు. పిండి, పంచదార మాని చిక్కిపోయానని లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన 1863లోనే చిన్న పుస్తకం వేశాడు.

బజారుకొచ్చాను. ఇడ్లీ పాత్ర మూత తీశారు, ఆవిరి మొహానికే కొట్టింది.

"రా అన్నా, ఇప్పుడే దించినా."

"వద్దులే తమ్ముడూ."

నోట్లో ఇనుము నాకినట్టు ఏదో రుచి. కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతున్నాయన్నమాట. తల కొంచెం దిమ్ముగా ఉంది. మందుల షాపు ముందు తూకం యంత్రం ఎక్కాను. షాపతను తొంగి చూసి నవ్వాడు.

"మూడు కిలోలు దిగినావే! అంతా కొవ్వనుకునేవు. ముందు పోయేది నీళ్లే."

నిజమే. అన్నంలో మిగిలింది కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్‌గా చేరుతుంది. గ్రాము గ్లైకోజన్ మూడు గ్రాముల దాకా నీళ్లను పట్టి ఉంచుతుంది. నిల్వ ఖాళీ అయితే ఆ నీళ్లూ బయటికి పోతాయి, వెంట ఉప్పూ పోతుంది. తలదిమ్ము చాలావరకు అందుకే.

"సుగరు మాత్రలేమన్నా ఏసుకుంటాండావా?" గొంతు తగ్గించి అడిగాడు. "గ్లిమెపిరైడ్ ఏసుకుంటా అన్నం మానితే సుగరు పడిపోద్ది. చెమటలు పట్టి కూలబడతారు. డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టగూడదు."

నాకు సుగరు లేదు. ఇంకో బాధ ఉంది. ఎండ ముదిరింది, దాహమేస్తోంది, తాగాల్సిన నీళ్లు ఇంకా సగం మిగిలాయి. ఎదురుగా బోరింగు కొడుతున్నారు. బిందెలోకి పడే ధార తేటగా మెరుస్తోంది. దోసిలి పట్టబోయి ఆగాను.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, మా ఊళ్లలో చాలా బోర్లలో ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బోరు నీళ్లలో 3 ఉంటే, నాలుగు లీటర్లకు రోజూ 12 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది. అది పళ్లకు గార పట్టించి, ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల్ని బిగదీస్తుంది. కాచినా పోదు. ఆర్వో ప్లాంటు నీళ్లే గతి. వీడియోలో నాలుగు లీటర్లన్నారు గానీ, ఏ ఊరి నీళ్లో ఎవరూ అడగలేదు. ఈ ఊళ్లకు నీళ్లు తెస్తుందని 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు గురించి ఇక్కడ అరుగుల మీద ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చేసరికి క్యాను అడుగంటింది. అమ్మ పైకెత్తి ఊపి చూపించింది.

"ఇరవై లీటర్ల క్యాను నాలుగు రోజులు వచ్చేది, రెండు రోజులకే అయిపాయ. అన్నం మాన్తే బియ్యం మిగిల్తాయనుకున్నా. నీ బరువేమో గానీ, నా పర్సు మాత్రం బాగా తగ్గుతాంది."

క్యాను భుజానికెత్తుకుని ప్లాంటుకు బయల్దేరాను. నడిస్తే కూడా కాస్త తగ్గొచ్చు.