రావణుడి రథానికి సైలెన్సర్ లేదు

నా కొత్త నవల పదమూడో ప్రకరణంలో కథానాయకుడు అర్ధరాత్రి వేళ, తన చేత్తో తాను కట్టుకున్న చిన్న విమానంలో, భద్రాచలం అడవుల మీదుగా పిల్లిలా వచ్చి గోదావరి ఇసుకతిన్నె మీద దిగుతాడు. వెన్నెల, టేకుచెట్లు, ఎక్కడో దూరాన గుడిగంట. రాస్తున్నప్పుడు నాకే ముచ్చటేసింది. ఆ కాగితాలు చదివిన మా అక్క కొడుకు మాత్రం పకపకా నవ్వాడు. వాడు ఇంజనీరింగు చదివాడు లెండి.

"పిన్నీ! విమానం పిల్లిలా ఎలా వస్తుంది? పొలంలో ఆయిలింజను ఆకాశమెక్కినట్టు వస్తుంది. నీ హీరో దిగేలోపల నాలుగూళ్ళ కుక్కలు లేచి కూచుంటాయి."

"ఏం, పర్ణశాలకి రావణాసురుడు రాలేదుట్రా?" అన్నాను, ఓడిపోవడం ఇష్టంలేక.

అన్నానే గాని అనుమానం పీడించి, ఆ రాత్రే అరణ్యకాండ తీసి చూశాను. వాల్మీకి కూడా వాడి పక్షమే! సీతమ్మని ఎత్తుకుపోయిన ఆ రథానికి గాడిదలు కట్టి వున్నాయిట. దాని చప్పుడు కర్ణకఠోరంగా వుంటుందిట. అడవిలో కూచుని రాసిన మహర్షికి తట్టిన సంగతి, ఫ్యాను కింద కూచుని రాసే నాకు తట్టలేదు.

సరే, చప్పుడు చెయ్యని విమానం అసలు వుందా, వుంటే ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని వెతకడం మొదలుపెట్టాను. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని, పొగగొట్టాల చరిత్ర నాకెందుకు చెప్పండి? కాని వెతికినకొద్దీ అది మా నాన్నగారి కథలాగే కనిపించసాగింది.

మాది తల్లాడ. ఖమ్మం నించి వైరా దాటి వస్తే, ఒక దారి సత్తుపల్లికీ ఇంకో దారి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం అడవుల వైపుకీ చీలిపోయే చోటు. అక్కడ మా నాన్నగారికి చిన్న గిర్ని వుండేది. కరెంటు రాకపోకలు దాని ఇష్టం గనక గిర్ని ఆయిలింజను మీదే నడిచేది. ఒంటి సిలిండరు ఇంజను. నిమిషానికి 600 చుట్లు తిరిగేది. రెండు చుట్లకి ఒక పేలుడు, అంటే సెకనుకి 5 దెబ్బలు. డబ్, డబ్, డబ్ అని పొద్దుటినించి చీకటిపడేదాకా. మా ఎక్కాలూ, మా పద్యాలూ ఆ తాళం మీదే వల్లె వేశాం. ఇంజను ఆగిన క్షణాన ఊరంతా ఒక్కసారి గోతిలో పడినట్టుండేది.

ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తుందో ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఇంజను లోపల మండడం వల్ల అనుకునేదాన్ని. కాదుట. కుక్కర్‌లో పప్పు ఉడికాక వెయిట్‌ని గరిటె కాడతో నెమ్మదిగా ఎత్తితే సుయ్‌మంటుంది. తొందరపడి ఒక్కసారిగా ఊడదీస్తే బుస్సున ఎగిసి పక్కింటావిడ కూడా ఉలిక్కిపడుతుంది. కుక్కరూ అదే, ఆవిరీ అదే, బయటికి వదిలే తీరులోనే వుంది తేడా. ఇంజనులో కవాటం తెరుచుకోగానే, లోపల అణిగివున్న పొగ ఒక్కసారిగా గొట్టంలోకి దూకి బయటి గాలిని చరుస్తుంది. ఆ చరుపే చప్పుడు. సైలెన్సర్ అనేది మూత కాదు. మూత పెడితే ఇంజను ఉక్కిరిబిక్కిరై చస్తుంది. పొగ కొంచెంసేపు తిరుగాడి, చల్లబడి, మెల్లిగా బయటికి పోవడానికి ఇచ్చే చోటు అది.

మా నాన్నగారు ఏ పుస్తకమూ చదవకుండానే ఆ పని చేశారు. అదీ తన కోసం కాదు. పక్కింటివాళ్ళమ్మాయి పురిటికి వచ్చింది. పసిగుడ్డు కన్ను మూస్తే ఇంజను, కన్ను తెరిస్తే ఇంజను. ఒకరోజు ఆ పిల్ల అమ్మమ్మ గిర్ని గుమ్మంలో నిలబడి నానా మాటలూ అంది. నాన్నగారు చిరునవ్వుతో వింటున్నారు. ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. నిజానికి ఆయన వినడంలేదు, అప్పటికే చెవులు పోయాయి. అమ్మ వచ్చి చేతులు ఊపుతూ, పెదవులు కదుపుతూ ఆ తిట్లన్నీ మర్యాదగా అనువదించి చెప్పింది. మర్నాడే ఆయన గిర్ని వెనక గొయ్యి తవ్వించి, ఇటుకలు పేర్చి, కంకర నింపి, పొగగొట్టాన్ని అందులోకి దింపి పైన బండ మూయించారు. పొగ పోవడానికి ఆ కొసన ఇంకో గొట్టం. అంతే! డబ్ డబ్ కాస్తా, ఎవరో దూరాన బట్టలు ఉతుకుతున్నట్టయింది.

తమాషా ఏమిటంటే మూడు రోజులు గిర్నికి బేరాల్లేవు. చప్పుడు లేదు గనక మూసేశారనుకున్నారు జనం! చివరికి గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టాల్సి వచ్చింది.

మరి విమానానికి గొయ్యి ఎక్కడ తవ్వుతారు?

విమానం కూడా మొదట్లో ఇంట్లో చేసిన వస్తువే సుమండీ. సైకిళ్ళ కొట్టు నడిపే రైట్ సోదరులు 1902లో గ్లయిడర్ తయారుచేస్తూంటే, విల్బర్ గంటల తరబడి కుట్టుమిషను తిప్పుతున్నాడనీ, ఆర్విల్ నేలమీద గొంతుక్కూచుని గుర్తులు పెడుతున్నాడనీ, ఇంట్లో మసలడానికి చోటు లేదనీ వాళ్ళ చెల్లెలు కేథరిన్ తండ్రికి రాసింది. వాళ్ళు వెళ్ళిపోతే ఈ గోలే కావాలనిపిస్తుందని కూడా రాసింది. ఆవిడ హైస్కూల్లో లాటిన్ పంతులమ్మ. మన ఇళ్ళలో మాటే కాదూ ఇది? మరుసటి ఏడు, 1903 డిసెంబరు 17న, 12 హార్స్‌పవర్ ఇంజనుతో ఎగిరారు. దానికి సైలెన్సర్ లేదు, అసలు పొగగొట్టమే సరిగా లేదు. నాలుగు సిలిండర్లూ నేరుగా గాలిలోకే పేలాయి. ఎగరడమే గగనమైనప్పుడు ఇంకో వీశెడు ఇనుము ఎవరు మోస్తారు?

వాళ్ళకంటె ముందు ఇంకో పెద్దమనిషి ప్రయత్నించాడు. హైరమ్ మాక్సిమ్. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డవాడు. 1894 జూలై 31న, 180 హార్స్‌పవర్ల ఆవిరి ఇంజన్లు రెండు బిగించిన మూడున్నర టన్నుల యంత్రాన్ని పట్టాల మీద పరుగెత్తించాడు. అది కాస్త లేచి, మరీ పైకి పోకుండా అడ్డం పెట్టిన పట్టాలనే విరగ్గొట్టుకుని ఆగిపోయింది. ఆయనకి పేరు తెచ్చింది మాత్రం విమానం కాదు, మెషిన్‌గన్. దాన్ని పేల్చి పేల్చి చూసుకుంటూ చెవులు పోగొట్టుకున్నాడు. ఆ తుపాకీ ఎన్ని దేశాల్లో ఎన్ని ప్రాణాలు తీసిందో అలా వుంచితే, మొట్టమొదట తిన్నది తన యజమాని చెవుల్నే.

ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్. తండ్రి లండన్ చేరితే, ఈ కొడుకు అమెరికాలో తల్లి దగ్గర పెరిగాడు. తండ్రి లోకానికి మోత ఇస్తే, కొడుకు మౌనం ఇచ్చాడు. గురిపెట్టి కాల్చడం ఈయనకి సరదా. కాని ఆ చప్పుడు ఇరుగుపొరుగువాళ్ళని బాధిస్తుందని తెలిస్తే సరదా సగం చచ్చేదిట. ఓ రోజు స్నానం చేశాక తొట్టిలో నీళ్ళు సుడి తిరుగుతూ తూములోకి దిగిపోవడం చూశాడు. పొగని కూడా ఇలాగే సుడి తిప్పి వదిలితే? 1909లో పేటెంటు వచ్చింది. తుపాకులతో మొదలైన ఆ కంపెనీయే తర్వాత ఇంజన్లకి సైలెన్సర్లు చేసింది. చనిపోయిన ఏడాదే, 1936లో, తండ్రిమీద హాస్యంగా ఓ పుస్తకం అచ్చువేశాడు. వదిలేసి వెళ్ళిన తండ్రిమీద! నేనైతే ఆ హాస్యం రాయలేను.

విమానం సంగతికొస్తే, అక్కడ మూడు చిక్కులు. ఒకటి బరువు. రెండోది, పొగని ఎంత తిప్పితే ఇంజనుకి అంత ఎదురొత్తిడి, అంత బలం తరుగు. మూడోది నన్ను ఆశ్చర్యపరిచింది. నాలుగు సిలిండర్ల చిన్న విమానం ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరిగితే సెకనుకి 80 పేలుళ్ళు. వాటిని ఎంత అణచినా, ఇంకో గోల బయటపడుతుంది: ప్రొపెల్లర్. ఇంట్లో రేడియో ఆపాక గోడగడియారం వినిపించినట్టు. 1940ల చివర అమెరికన్ శాస్త్రజ్ఞులు స్టిన్సన్ అనే చిన్న విమానాన్ని పట్టుకుని, పొగకి సైలెన్సరూ, ప్రొపెల్లర్‌కి అయిదు రెక్కలూ పెట్టి, మధ్యన గేర్లతో దాన్ని మెల్లిగా తిప్పారు. చప్పుడు ఎంతో తగ్గింది. బరువూ పెరిగింది. కొనేవాళ్ళు మాత్రం చప్పుడు లేని దానికంటె, చవకగా త్వరగా ఎగిరే దాన్నే కోరారు.

ఆ తర్వాత కదిలినవాళ్ళెవరో ఊహించండి. యుద్ధంవాళ్ళు. గ్లయిడరుకి ఇంజను పెట్టి, పొడుగాటి సైలెన్సర్ తగిలించి, ప్రొపెల్లర్‌ని నిదానంగా తిప్పే వై.ఓ.3.ఏ అనే విమానాన్ని 1970లో వియత్నాం పంపారు. రాత్రిళ్ళు అడవుల మీద తిరిగి, కిందివాళ్ళకి తెలియకుండా వాళ్ళ కదలికలు చూసేది. నా నవలలో విమానం అన్నమాట! పసిపిల్ల నిద్రకోసం ఎవరికీ దొరకని డబ్బు, మనుషుల్ని చాటునించి చూడటానికి దొరికింది.

తీరిక వేళల్లో ఇంటి షెడ్డులో విమానాలు కట్టుకునేవాళ్ళు వేరే జాతి. 1953లో అమెరికాలో వాళ్ళ సంఘం ఏర్పడింది. వాళ్ళు గొట్టాలు కోసి, రేకు వంచి, వెల్డింగు చేసి తమ సైలెన్సర్లు తామే చేసుకుంటారు. చెప్పుకున్నంత సులువు కాదు. పల్చటి రేకు పగలూరాత్రీ ఎర్రగా కాగి, అదిరి అదిరి, అతుకు దగ్గర చీలుతుంది. చాలా చిన్న విమానాల్లో చలికి వెచ్చటి గాలి కూడా సైలెన్సర్ చుట్టూ తిరిగే లోపలికి వస్తుంది గనక, ఆ చీలిక లోంచి వాసనైనా లేని విషవాయువు దూరగలదు. 2019 జనవరిలో ఎమిలియానో సలా అనే ఫుట్‌బాల్ ఆటగాడు ప్రయాణిస్తూన్న చిన్న విమానం ఇంగ్లిష్ ఛానెల్‌లో కూలింది. అతని రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ విపరీతంగా వుంది. పొగ లీకై లోపలికి వచ్చి వుంటుందని దర్యాప్తు తేల్చింది. అంచేత రాత్రికి రాత్రి రేకుడబ్బా తగిలించుకుని ఎగిరే హీరోని నేను కొట్టేశాను.

1986 డిసెంబరులో జీనా యేగర్ అనే ఆవిడా, డిక్ రూటాన్ అనే ఆయనా, వాయేజర్ అనే విమానంలో ఎక్కడా ఆగకుండా, నూనె పోసుకోకుండా 9 రోజుల్లో భూమి చుట్టి వచ్చారు. చిన్న గదంత కూడా లేని చోటులో, చెవి పక్కనే ఇంజన్లు. అప్పుడు వాళ్ళ చెవుల్ని కాపాడింది సైలెన్సర్ కాదు, అమర్ బోస్ అనే ఆయన తయారుచేసిన హెడ్‌ఫోన్లు. వాళ్ళ నాన్నగారు బెంగాలీ. వచ్చే చప్పుడుకి సరిగ్గా ఎదురు చప్పుడు పుట్టించి దాన్ని చంపేసే తెలివి. కాని అది ఎక్కినవాళ్ళ చెవికే, కిందవున్నవాళ్ళకి మామూలు గోలే.

ఆ వాయేజర్ రూపకర్త బర్ట్ రూటాన్, ఇళ్ళలో కట్టుకునేవాళ్ళ కోసం గీసిన ఇంకో చిన్న విమానం ఆధారంగానే, బెంగుళూరు నేషనల్ ఏరోనాటికల్ లేబరేటరీ 1980ల్లో ఒక ప్రయోగ విమానం చేసింది. అప్పుడు ఆ సంస్థ డైరెక్టరు రొద్దం నరసింహగారు. ఇంటిపేరే అప్పటి అనంతపురం జిల్లా ఊరు. అక్కడే పుట్టిన హంస 1993లో ఎగిరింది. దానికి తర్వాత పెట్టిన రోటాక్స్ ఇంజను ఎంత జోరుగా తిరిగినా, గేర్ల వల్ల ప్రొపెల్లర్ అందులో సగంకంటె తక్కువే తిరుగుతుంది. స్టిన్సన్ మీద చేసి చూసిన ఉపాయమే, 40 ఏళ్ళు పైబడ్డాక మన ముంగిట.

ఇప్పుడు తల్లాడ కూడలిలో కుర్రాళ్ళు డబ్బులిచ్చి మరీ బుల్లెట్ బళ్ళకి సైలెన్సర్లు మార్పించుకుంటున్నారు, ఇంకా బాగా మోగడానికి. హైదరాబాదులో పోలీసులు అలాంటివి వందలకొద్దీ పట్టుకుని రోడ్డు రోలరు కింద తొక్కించారు. వాటిని చూస్తే నాకు మాక్సిమ్ కొడుకు గుర్తుకొస్తాడు.

పదమూడో ప్రకరణం మళ్ళీ రాశాను. విమానం చప్పుడు చేస్తూనే వస్తుంది. కుక్కలు మొరుగుతాయి. ఇసుకతిన్నె పక్క గుడిసెలో ఒక ముసలాయన మాత్రం లేవడు, ఆయనకి వినబడదు. మా అక్క కొడుకు చదివి ఈసారి నవ్వలేదు. "ఈయన తాతయ్యే కదూ?" అన్నాడు.

గిర్ని ఎత్తేసి చాలా ఏళ్ళయింది. గొయ్యి మీద బండ మాత్రం ఇంకా వుంది. చెవులు పూర్తిగా పోయాక నాన్నగారు పొద్దున్నే ఇంజను వేసి, గోడ పక్కగా వచ్చి, ఆ బండ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవారు. వేడి లెక్కా, అదురు లెక్కా చూసుకుని, "బాగానే కొడుతోంది" అని అమ్మకేసి తల ఊపి లోపలికి వెళ్ళేవారు.